తల్లిదండ్రుల మస్టర్

ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా బడిలో మధ్యాహ్నం అన్నం వండే అవ్వ. చేతిలో గరిటె అలాగే ఉంది. వరండా పొడవునా పప్పు చుక్కలు రాల్చుకుంటూ వచ్చింది. తరవాత వాటిని కడిగింది నేనే కాబట్టి బాగా గుర్తు.

"ఇన్నవా బిడ్డా, మీ సెంటరు ఎత్తేస్తరట."

"ఎవలన్నరే అవ్వా?"

"జిల్లా నుంచి సారొచ్చిండు గద. హెడ్మాస్టరు సారుతోని చెప్తుంటే ఇన్న. నేను అప్పుడు పెరుగు పోస్తున్న. ఆయినె చాలు చాలు అంటనే ఉన్నడు, నేను పోస్తనే ఉన్న. మాట పూర్తయ్యేదాక చెయ్యి ఆపొద్దు గద మరి."

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ ఈ ముచ్చట చెప్పాలని నాకు చాలా రోజులుగా ఉంది. నేను పంతులమ్మను కాను. బడికి పోయి చదువుకున్నదాన్నీ కాను. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటాం. మా నాయన బాయి పని నుంచి వచ్చి, స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, ఆ దీపం ముందే నాకు పలక మీద అక్షరాలు దిద్దించాడు. పదో తరగతి కూడా ఇంట్లోనే చదివి పరీక్ష రాశాను. ఆ ఒక్క కాగితం మీద భగవంతుడు నాకు ఇరవై ఏళ్లకు పైగా అన్నం పెట్టాడు. గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల మధ్య ఉన్న ఒక సర్కారు బడిలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల గదిలో నేను సహాయకురాలిని. సెంటరు అనేది ఆ గదినే. పాఠం చెప్పేది మేడం. ముక్కు తుడిచేది, చెప్పులు తొడిగేది, ముద్ద నోటిదాకా తీసుకుపోవడం నేర్పేది నేను. పోయిన ఏడాదే రిటైరయ్యాను. ఇప్పటికీ ఎవరి చెప్పులు ఎడమా కుడీ మారినా నా చెయ్యి ఊరుకోదు.

అప్పుడు మా గదిలో పదకొండు మంది పిల్లలు. అందులో ఒక ఎనిమిదేళ్ల పాప. మాటలు లేవు. వాళ్ల తాత రోజూ తన పాత మోపెడ్ మీద ముందు నిలబెట్టుకుని తెచ్చేవాడు. వచ్చిన కొత్తలో ఆ పాప గోడ మూలకు తిరిగి కూర్చునేది. రెండేళ్లు పట్టింది మా వైపు తిరగడానికి. ఆ ఎండాకాలం తరవాత తన చెంచా తను పట్టుకుని తినడం మొదలుపెట్టింది. సగం అన్నం మెడ మీదుగా పోయేది, అయినా మేడమూ నేనూ చప్పట్లు కొట్టేవాళ్లం. సెంటరు ఎత్తేస్తే పిల్లల్ని గోదావరి అవతల, మంచిర్యాల వైపు ఉన్న సెంటర్లో కలుపుతారట. ఆ తాత మోపెడ్ వంతెన దాటి అంత దూరం పోయే బండి కాదు. పోగలిగే వయసు తాతదీ కాదు. అంటే పాప మళ్లీ గోడ మూలకే.

మేడం పోయి జిల్లా సారును అడిగింది. ఆమె కోస్తా నుంచి వచ్చిన పిల్ల, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు. సారు చెప్పింది ఒక్కటే మాట. పిల్లలున్నారు గానీ వెనక తల్లిదండ్రులు కనపడరు. పదకొండు ఇళ్ల నుంచి పదకొండు మంది సంఘంగా ఏర్పడాలి, వచ్చే నెల మూడో శనివారం తన ముందు కూర్చుని సంతకాలు పెట్టాలి. ఒక్కరు తగ్గినా సెంటరు నది దాటుతుంది.

"పదకొండు మందే కదండీ, ఎంతసేపు?" అంది మేడం నాతో, ధైర్యంగా. నేను ఆ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మా బాయి మనుషుల సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

ముందు ఫోన్లో గ్రూపు పెట్టింది. మొదటి రోజు అందరూ పువ్వుల బొమ్మలతో శుభోదయం చెప్పుకున్నారు. రెండో రోజు ఒకాయన తన పాత బండి అమ్మకానికి పెట్టాడు. మూడో రోజు ఇంకొకాయన దానికి బేరం ఆడాడు. మీటింగు మాట ఎవరూ చదవలేదు. మేడం పట్టు వదలకుండా ఆదివారం పొద్దున పదకొండు గంటలకు రమ్మని రాసింది. "ఆదివారమైతే అందరూ ఖాళీయేనండి."

బాయి బతుకులో అందరూ ఖాళీగా ఉండే గంట అంటూ ఏదీ ఉండదు. ఫస్టు షిఫ్టు వాళ్లు పనిలో ఉంటారు, రాత్రి షిఫ్టు వాళ్లు నిద్రలో ఉంటారు, సెకండు షిఫ్టు వాళ్లు పోవడానికి సర్దుకుంటుంటారు. ఇక ఆడవాళ్లు ఆదివారం పదకొండింటికి మటన్ పొయ్యి మీద పెట్టి ఇల్లు కదలరు. ఇదంతా నాకు తెలిసీ మేడం ముఖం చూసి నోరు మెదపలేదు. అది నా మొదటి తప్పు.

ఇరవై కుర్చీలు వేశాం. పన్నెండింటి దాకా వచ్చింది ఒక మేక. అది మేడం రాసుకున్న చార్టులో ఒక మూల తిని పోయింది. ఇంకొకరూ ఉన్నారు. వెనక వరసలో అవ్వ, కొంగు నిండుగా కప్పుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఆదివారం నాడు నువ్వెందుకచ్చినవే అవ్వా?"

"కుర్చీలు ఉత్తగనే ఉన్నయి గద బిడ్డా," అంది.

నేను నవ్వాను. కుర్చీలు మడతపెట్టడానికి సాయం వచ్చిందనుకున్నాను.

మరునాడు పాపను దింపడానికి వచ్చిన తాతకు చెప్పుకుని మేడం కళ్లు తుడుచుకుంది. ఆయన బాయిలో సర్దారు పని చేసి రిటైరైన మనిషి. సర్దారంటే లోపల ఒక గుంపు కార్మికులను నడిపించేవాడు. మేమంతా సర్దార్ కాక అనేవాళ్లం. ఆయన అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు.

"మస్టర్ పెట్టిండ్రా?"

"మస్టరేమిటండీ?"

"హాజరు బుక్కు బిడ్డా. మస్టర్ పడని కాడికి బాయి మనిషి ఎందుకస్తడు? ముప్పై అయిదేండ్లు చేసిన, మస్టర్ లేని పని చూడలె. మస్టర్ పెట్టుండ్రి. ఎవడు రాడో నేను చూస్త."

సరేనని నేను ఆ సాయంత్రం పెద్ద నోటు పుస్తకానికి ఎర్ర గీతలు కొట్టాను. పేరు, షిఫ్టు, సంతకం, చివర నాగా గడి. నాగా అంటే రాకపోవడం. మా కాలనీల్లో పసిపిల్లలకు కూడా ఆ మాట తెలుసు. పైన కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి పటం ముందు ఒక రాత్రి ఉంచాను. ఈసారి మీటింగు నాలుగింటికి. ఫస్టు షిఫ్టు వాళ్లు ఇల్లు చేరి ఉంటారు, రాత్రి షిఫ్టు వాళ్లు లేచి ఉంటారు, సెకండు షిఫ్టు వాళ్ల భార్యలకు వంట పని ఉండదు.

సర్దార్ కాక మాట పొల్లు పోలేదు. మస్టర్ ఉందని తెలియగానే నాలుగు కాకముందే వరస గేటు దాకా పోయింది. మేడం మురిసిపోయి నా చెయ్యి పట్టుకుంది. నేను బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కరితో సంతకం పెట్టిస్తున్నాను. ఒకాయన సంతకం పెట్టి, కింది గడిలో కూడా పెట్టబోయాడు.

"అది వేరేటోళ్లది గద అన్నా?"

"మా తోడల్లునిది అక్కా. ఆయినె పండుకున్నడు. నేనేస్తె నడువదా?"

"నడువదు."

"బాయిల గూడ గిట్లనే అంటరు," అని గొణుక్కుంటూ పోయాడు. పోయాడంటే నిజంగానే పోయాడు. అప్పుడు తలెత్తి చూశాను. వరసలో ఇంకా నలుగురున్నారు, కుర్చీల్లో ఒక్కరూ లేరు. సంతకం పెట్టినవాళ్లు పెట్టినట్టే గేటు దాటి పోతున్నారు.

మేడం వెనకాలే పరుగెత్తింది. "ఏమండీ, ఎక్కడికండీ వెళ్తున్నారు? మీటింగు ఇంకా మొదలే కాలేదండీ!"

"మస్టర్ పడ్డది గద మేడం," అన్నాడు ఒకాయన, ఎంతో మర్యాదగా. "ఇగ మీరు జేసుకోండ్రి."

వాళ్ల తప్పేం లేదు. మస్టర్ పడిందంటే ఆ రోజు లెక్కలో ఉన్నట్టే. మిగతాది పైవాళ్లు చూసుకుంటారు. తరాల నుంచి వస్తున్న నమ్మకం అది. మస్టరును మొదట్లో పెట్టడం నా తెలివితక్కువ. అది రెండో తప్పు.

మూడో తప్పు కూడా ఆ రోజే జరిగింది. దాన్ని తప్పని తెలుసుకోవడానికి నాకు ఇంకో మూడు వారాలు పట్టింది. చివరికి వరస అయిపోయాక అవ్వ వచ్చి బల్ల ముందు నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నాది గూడ ఎయ్యి బిడ్డా."

నాకు అప్పటికే ఒళ్లు మండుతోంది. ఖాళీ కుర్చీలు, ఏడుపు ముఖంతో మేడం. "నీకెందుకే అవ్వా? ఇది పిల్లల తల్లిదండ్రులకు. నీకేమన్న పిల్లలున్నరా ఈడ?" అన్నాను.

ఆమె ఆ ఎర్ర గీతల వైపు చూసి వంటగదిలోకి పోయింది. ఆ వారమే మా గదిలో గుండీల పలక కనిపించకుండా పోయింది. చెక్క మీద గుడ్డ బిగించి, పిల్లలకు గుండీలు పెట్టుకోవడం నేర్పడానికి నేనే కుట్టింది. అటక మీద ఎలుకలు లాగి ఉంటాయనుకుని బోను పెట్టాను. ఎలుక పడలేదు. పెట్టిన వడ మాత్రం పోయింది.

మూడో మీటింగు సర్దార్ కాక తన చేతిలోకి తీసుకున్నాడు. "మస్టర్ ఆఖర్ల. అంతదాక బుక్కు నా సంకల ఉంటది," అన్నాడు. ఆ రోజు ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని, బాయిలో వాడిన పాత కర్ర పట్టుకుని వచ్చాడు. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. తనొక్కడే పోయి, కర్రతో గది కప్పును నాలుగు మూలలా ఠక్ ఠక్ అని కొట్టి, చెవి పెట్టి విన్నాడు. బాయిలో కప్పు కూలుతుందేమో చూడటానికి సర్దార్లు అలా కొడతారు. సర్కారు బడి కప్పు కదా, ఒక మూల కొంచెం సున్నం రాలి మేడం తల మీద పడింది.

"ఫికర్ లేదు. పైపూతనే," అన్నాడు కాక. "ఇగ రాండ్రి."

నవ్వుకుంటూనే అందరూ వచ్చి కూర్చున్నారు. మస్టర్ ఆయన చంకలో ఉంది కాబట్టి ఎవరూ కదల్లేదు. మేడం లేచి, రాసుకున్న కాగితం తీసి, లక్ష్యాలు, ఉద్దేశాలు అని చదవబోయింది. కాక చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు సేఫ్టీ. మీటింగుల మొదలు అడిగేది అదే. పోయిన వారంల ఎవలకన్న దెబ్బ తాకిందా?"

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. బడిలో దెబ్బలేమిటని నేనూ అనుకున్నాను. వెనక నుంచి ఒకాయన చెయ్యెత్తాడు. ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, బొగ్గు మోసే డంపర్ నడిపే మనిషి, మనిషే డంపరంత ఉంటాడు. తోడల్లుడి సంతకం పెట్టబోయింది ఆయనే.

"నాకు తాకింది కాకా."

"ఏడ?"

"మంచిర్యాల దగ్గరి జైపూర్ల పెండ్లికి పోయినం. మా పిలగాన్ని చూసి బంతిల పక్కన కూసున్నోళ్లు లేచి వేరే బంతికి పోయిండ్రు." అంతే చెప్పాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

కాక కర్ర మెల్లగా కింద పెట్టాడు. కాసేపటికి ఒక తల్లి చెయ్యెత్తింది. తరవాత ఇంకొకామె. ఒకామె అత్త ఏమందో చెప్పింది, ఇంకొకాయన దవాఖానలో ఏం జరిగిందో చెప్పాడు. పక్క క్వార్టర్లలో ఉంటూ పదేళ్లుగా ఒకే దెబ్బ తింటున్న సంగతి ఒకరికొకరు అప్పుడే తెలుసుకున్నారు. మేడం తన కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. ఆరున్నర దాటాక డంపరు అన్నే గుర్తు చేశాడు: "కాకా, మస్టర్ ఏస్తవా, ఇంటికి పోవద్దా?" సంఘం పుట్టింది ఆ సాయంత్రమే. సంతకాలు చేసుకున్నది తరవాత.

ఇక మూడో శనివారం. సారు నాలుగింటికి వస్తానన్నాడు. రెండున్నరకే జీపు వచ్చి ఆగింది. ఇంకోచోట పని తొందరగా అయిపోయిందట. మా వాళ్లు ఇంకా భూమి లోపల ఉన్నారు. లోపలికి ఫోన్లు పోవు. కాక మోపెడ్ మీద బాయి గేటుకు బయలుదేరాడు. సారును గంటన్నర ఆపాలి. నేను అవ్వ వైపు చూశాను.

"నాకిడిసిపెట్టు," అంది అవ్వ.

ఆ రోజు సారు మా బడిలో రెండు సార్లు అన్నం తిన్నాడు. ఒకసారి ఆకలితో, ఒకసారి అవ్వతో. పప్పు తిన్నాక పచ్చిపులుసు, అది తిన్నాక పెరుగు, పెరుగు తిన్నాక "అయ్యో సారూ, వంకాయ మర్చిపోయిన" అని మళ్లీ వేడి అన్నం. చివరికి ఆయన కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు టీ పెట్టింది.

మూడున్నర దాటాక గేటు దగ్గర అలికిడి. డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే వచ్చారు. ముఖాల నిండా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా. తెల్ల గోడల గదిలో వరసగా కూర్చున్నారు. పక్కన ఆడవాళ్లు. పాప ఆ నల్ల ముఖాలన్నీ చూసి గోడ వైపు తిరగలేదు. ఒకాయన హెల్మెట్ చెయ్యి చాచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

సారు ఇంటికొకరు చొప్పున లెక్క పెట్టాడు. పది. మళ్లీ లెక్క పెట్టాడు. పదే.

డంపరు అన్న రాలేదు. ఆయన తరవాతి షిఫ్టు మనిషి రాలేదట. బదులు మనిషి వచ్చేదాకా బండి వదిలి దిగకూడదు. భార్య నది అవతల నస్పూర్లో పుట్టింట్లో ఉంది, కబురు పెట్టినా బస్సు దిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఇవన్నీ సారుకు చెప్పాం. ఆయన చెడ్డవాడు కాదు. గడియారం చూసి, నిజంగానే బాధపడుతూ ఫైలు కట్టాడు. "రూలు పదకొండమ్మా. నేనేం చెయ్యను?"

కాక పాప తల మీద చెయ్యి వేసి నేల చూస్తున్నాడు. అప్పుడు గుమ్మంలో గొంతు వినిపించింది.

"నా పేరు రాసుకో సారూ."

అవ్వ. చేతికి ఇంకా పప్పు తడి ఉంది.

"నీ పిల్లలు ఈ సెంటర్ల ఉన్నరా అవ్వా?" అన్నాడు సారు. సరిగ్గా నేనన్న మాటే.

"నా కొడుక్కు నలభై ఏండ్లు. ఇంట్లనే ఉంటడు. వాడు చిన్నగున్నప్పుడు మీ సెంటరు లేకుండె సారూ."

పన్నెండేళ్లుగా ఆమె వండిన అన్నం తిన్నాను. ఆమెకు కొడుకున్నాడని నాకు తెలియదు. నేను అడగలేదు.

అవ్వ నా వైపు తిరిగింది. "నీ గుండీల పలక ఎలుకలు ఎత్కపోలె బిడ్డా. నేనే ఇంటికి తీస్కవోయిన. తెచ్చిస్త తియ్. కిటికీల నుంచి నువ్వు నేర్పుతుంటే చూస్తుంటి. ఇప్పుడు వాడు మూడు గుండీలు పెట్టుకుంటున్నడు. నాలుగోది మెడ కాడిది, అది రాదు."

ముందు కదిలింది మేడం. ఆరు నెలల ఉద్యోగం పిల్ల, సారు ఫైలు విప్పి, రూలు కాగితం తీసి వేలితో చూపించింది.

"సార్, ఇందులో ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు అనే ఉందండి. పిల్లల వయసు ఎంత ఉండాలో రాయలేదండి."

సారు ఆ కాగితం రెండు సార్లు చదివాడు. మనిషి మనసులో ఏముందో దేవుడికే ఎరుక. రెండు పూటల అన్నం ఒకే పూట పెట్టిన చేతిని కాదనడం కష్టమైందేమో. "వయసు... రాయలేదు. నిజమే," అన్నాడు. "సంతకం పెట్టమనండి."

అవ్వకు సంతకం రాదు. వేలిముద్రకు ఇంకు డబ్బా తెరిస్తే, సర్కారు ఇంకు డబ్బా కదా, ఎండి బీటలు వారి ఉంది. అవ్వ ఒక్క నిమిషం ఆగమని వంటగదిలోకి పోయింది. పప్పు గిన్నె అడుగు మసి బొటనవేలికి రుద్దుకుని వచ్చింది. పదకొండో గడిలో ఒత్తింది.

"గిది అసలు మస్టర్," అన్నాడు కాక. తన కర్రతో కప్పును ఇంకోసారి కొట్టాడు. ఈసారి సున్నం సారు మీద పడింది.

జీపు పోయిన పావుగంటకు డంపరు అన్న రొప్పుకుంటూ ఉరికొచ్చాడు. "మస్టర్ పడ్డదా?"

"నీకు నాగా పడ్డది," అన్నాడు కాక.

అందరూ పోయాక నేను వంటగదికి పోయాను. అవ్వ గిన్నెలు తోముతోంది. "నేను అట్ల అనేది లేకుండె అవ్వా," అన్నాను.

"నువ్వడుగలె, నేను చెప్పలె. ఇగ జరుగు, కాళ్ల మీద నీళ్లు పడతయ్," అంది.

సెంటరు ఇప్పటికీ అక్కడే ఉంది, దేవుడి దయ. సంఘం నెలకోసారి కూర్చుంటుంది. మొదట దెబ్బలు అడుగుతారు, ఆఖర్లో మస్టర్ వేస్తారు. పాప ఇప్పుడు చెంచాతో అన్నం మెడ మీద పోసుకోకుండా తింటుంది, కోపమొస్తే మాత్రం పోస్తుంది. అవ్వ కొడుకు శనివారాలు వస్తాడు. పిల్లలకన్నా బుద్ధిగా కూర్చుంటాడు. మెడ గుండీ మేడం పెడుతుంది.

మీలో చాలామంది నాకన్నా ఎక్కువ చదువుకుని ఈ పనిలోకి వస్తారు. మీకు నేను నేర్పగలిగేది తక్కువే. ఒక్కటే అడుగుతాను. రేపు మీ బల్ల ముందు ఎవరైనా చేతులు తుడుచుకుంటూ నిలబడి నాది కూడా రాయమంటే, నీకెందుకు అనే మాట మీ నాలుక చివరికి వస్తుంది. నాకు వచ్చింది. అప్పుడు మా అవ్వను ఒక్కసారి తలుచుకోండి.